కొత్త బ్రిటిష్ సినిమాలకు కల్ట్ హోదా నిలుస్తుందా?

2000 తర్వాతి బ్రిటిష్ సినిమాల్లో ఏళ్ల తరబడి అభిమానులు వదలకుండా చూడదగ్గవి, అంటే కల్ట్ అనదగ్గవి ఉన్నాయా అన్నది ప్రశ్న. ఉన్నాయి, అన్నీ కాదు. నా లెక్కలో మొదటిది ఎడ్గార్ రైట్ తీసిన ‘షాన్ ఆఫ్ ది డెడ్’ (2004).

అందులో హీరో ఇంటి దగ్గరి కొట్టుకు రెండుసార్లు వెళ్తాడు. రెండోసారికి వీధిలో జాంబీలు (లేచి తిరిగే శవాలు) తిరుగుతుంటాయి, హ్యాంగోవర్‌లో అతను గమనించడు. మొదటి నడక గుర్తున్నవాళ్లకే రెండోదాని అసలు రుచి తెలుస్తుంది. ఇంకో సంగతి, పబ్‌లో స్నేహితుడు మర్నాడు ఎక్కడెక్కడ ఏం తాగుదామో చెప్పే నాలుగు మాటల్లో మిగతా కథంతా దాగి ఉంటుంది. తొలిసారి చూసేటప్పుడు అది అందడం కష్టం. మళ్లీ చూసినప్పుడు దొరికే ఇలాంటివే కల్ట్‌ను బతికిస్తాయి.

‘హాట్ ఫజ్’ (2007)ను రైట్ తను పెరిగిన వెల్స్ పట్టణంలోనే తీశాడు. అక్కడి కెథడ్రల్ (ప్రధాన చర్చి) మరీ పెద్దగా, ఊరిని మింగేసేలా ఉందని తెర మీద కనపడకుండా కంప్యూటర్‌తో చెరిపించాడు. అంత శ్రద్ధ!

క్రిస్ మోరిస్ ‘ఫోర్ లయన్స్’ (2010)నూ ఈ వరుసలోనే పెడతాను. ఆత్మాహుతి దాడికి సిద్ధమయ్యే యువకుల కథ అది, నవ్విస్తూనే గుండె బరువెక్కిస్తుంది. దర్శకుడు గై రిచీని చూసి ఇతరులు తీసిన లండన్ గ్యాంగ్‌స్టర్ సినిమాలు మాత్రం చాలావరకు ఒక్కసారికే సరి. వేగం ఉంది, మళ్లీ వెతుక్కోవడానికి ఏమీ లేదు.