ఆగగలిగినవాడిదే రేటు

"ఎకనామిక్స్ చదవని మామూలు జనానికి పొలిటికల్ ఎకానమీ, క్యాపిటలిజం అర్థమయ్యేలా ఎట్లా చెప్పాలి?" అని ఇక్కడ ఒకరు అడిగారు. హనుమకొండలో గ్రూప్స్ రాసే పిల్లలకు ఎకానమీ చెప్పి బతుకుతున్నవాణ్ణి, కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ముందుగా, నిర్వచనాలు చెప్పకండి. ఉత్పత్తి సాధనాలు, మిగులు విలువ అని బోర్డు మీద రాయగానే పిల్లలు గబగబా నోట్స్ తీస్తారు, పరీక్షలో బిట్ వస్తే కరెక్టుగా పెడతారు కూడా, కానీ అదే పిల్లవాణ్ణి "మీ బాపు పత్తికి రేటు ఎవరు చెప్పారు?" అని అడిగితే "డిమాండ్, సప్లయ్ సార్" అంటాడు. ఈ జవాబు వింటే నాకు ఒళ్లు మండుతుంది. కాంటా దగ్గర డిమాండ్ అనే ఆయన ఎప్పుడన్నా కనిపించాడా నాయనా? అక్కడ ఉండేది మనుషులు. ఒకరు రేటు చెప్తారు, ఇంకొకరు తల ఊపుతారు. ఎవరు చెప్పేవాళ్లు, ఎవరు తల ఊపేవాళ్లు అన్నది ఎట్లా తేలుతుందో చెప్పగలిగితే సబ్జెక్టు సగం చెప్పినట్టే.

నేను ఒకే ప్రశ్నతో మొదలుపెడతాను: ఈ బేరంలో ఎవరు ఆగగలరు, ఎవరు ఆగలేరు?

నేను ఇంటర్ చదివేటప్పుడు బాపుతో కలిసి మిర్చి లోడు మీద వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు పోయాను. మాది నర్సంపేట దిక్కు. ఊళ్లో నలుగురైదుగురు రైతులు కలిసి డీసీఎం మాట్లాడుకున్నారు. రాత్రంతా బస్తాల మీదే, ఘాటుకు దగ్గడం తప్ప నిద్ర లేదు. పొద్దున జెండా పాట. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, అధికారులు, అడ్తిదారులు (కమీషన్ ఏజెంట్లు), ఖరీదుదారులు (కొనే వ్యాపారులు) గుంపుగా వచ్చి ఒక మంచి సరుకు దగ్గర పాట పెడతారు, అక్కడ పలికిన రేటే ఆ రోజు జెండా రేటు, పేపర్లో పడేదీ అదే. మిగతా సరుకంతా దానికి కిందనే పోతుంది, ఒక్కోసారి చాలా కిందకు పోతుంది. ఊళ్లో మాత్రం పేపర్ చూసినవాళ్లు "ఈసారి మీకు బాగనే వచ్చిందట కదా" అంటారు. ఆ మాట ఎన్ని ఇళ్లలో కొట్లాటలు పెట్టిందో లెక్కలేదు.

జెండా రేటు విని బాపు అక్కడికక్కడే లెక్కలు వేసుకున్నాడు. తర్వాత మా వరసకు ఖరీదుదారు వచ్చాడు. బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీశాడు, ఒకటి విరిచాడు, వాసన చూశాడు, "తేమ ఉంది, తాలు కలిసింది" అని జెండా కంటే క్వింటాలుకు పదిహేను వందలు తక్కువ చెప్పాడు. తీసిన కాయలు తిరిగి బస్తాలో వెయ్యలేదు, అది వేరే సంగతి.

"సేటూ, ఇదే పక్కచేను కాయ నిన్న ఎక్కువకు పోయింది" అన్నాడు బాపు.

"అయితే ఉంచుకో పటేలా, రేపు చూద్దాం."

ఆయన కోపంగా అనలేదు. బస్ స్టాండులో టైమ్ అడిగితే చెప్పినంత మామూలుగా అన్నాడు. క్యాపిటలిజం మీద నేను విన్న మొదటి పాఠం ఆ "రేపు చూద్దాం".

ఎందుకంటే ఆ రేపటి ఖరీదు ఇద్దరికీ ఒకటి కాదు. ఆయనకు రేపు అంటే ఏమీ లేదు, పక్క కుప్ప దగ్గరికి నడుస్తాడు, యార్డు నిండా బస్తాలే. బాపుకు రేపు అంటే ఇంకో రాత్రి అక్కడే పడుకోవడం, పైన మొగులు పట్టి ఉంటే చినుకు పడుతుందేమోనని టెన్షన్, మిర్చి ఏరిన కూలీలకు ఇవ్వాల్సిన డబ్బులు, నా ఫీజు, నూటికి రెండు రూపాయల మిత్తి. ఆ మిత్తి ఎవరికి? పక్కనే నిలబడి ఉన్న అడ్తిదారుకే. విత్తనాలకు, మందులకు అప్పు ఇచ్చింది ఆయనే, ఆ అప్పు ఉన్నంతకాలం సరుకు ఆయన దుకాణానికే తేవాలి. పేరుకు ఆయన రైతు తరఫున నిలబడే మనిషి, కమీషన్ మన దగ్గరే పట్టుకుంటాడు. కానీ మేము ఆయన దగ్గరికి ఏడాదికోసారి వస్తాం, ఖరీదుదారు రోజూ వస్తాడు. ఎవరి మాట పోనియ్యడో మీరే చెప్పండి. "ఇచ్చెయ్ బాపూ, మొగులైతుంది" అన్నాడు అడ్తిదారు. బాపు ఇచ్చేశాడు. సాయంత్రం తక్‌పట్టీ చేతికొచ్చింది: తూకం, రేటు, దాని కింద కోతలన్నీ వరుసగా, ఆఖర్న అప్పు కింద పట్టుకున్నది. మిగిలింది చొక్కా జేబులో పట్టింది.

ఇప్పుడు దీంట్లోంచి పుస్తకాల్లోకి పోవచ్చు. క్యాపిటలిజానికి పెద్ద వకీలు అని అందరూ చెప్పే ఆడమ్ స్మిత్ 1776లోనే తన 'వెల్త్ ఆఫ్ నేషన్స్' పుస్తకంలో ఇదే మాట రాశాడు. యజమానికీ కూలీకీ పేచీ వస్తే, యజమాని ఉన్న సొమ్ముతో ఏడాది రెండేళ్లు పని చేయించకుండా గడపగలడు, కూలీల్లో చాలామంది పని లేకుండా వారం కూడా గడపలేరు అని. నా క్లాసులో ఈ సంగతి చెప్తే "స్మిత్ కూడానా సార్?" అంటారు. స్మిత్ కూడా. మార్కెట్‌ను కనిపించని చెయ్యి నడిపిస్తుందన్న మాట ఒక్కటి పట్టుకుని ఆయన్ను టీవీ చర్చల్లో వాడుకునేవాళ్లు ఈ పేజీ దాకా రారు.

1867లో కార్ల్ మార్క్స్ 'క్యాపిటల్' పుస్తకంలో గీసిన బొమ్మ కూడా యార్డులో కళ్ల ముందే ఉంటుంది. బాపు మిర్చి తెచ్చాడు, డబ్బు చేసుకున్నాడు, ఆ డబ్బుతో బియ్యం, ఫీజు, బట్టలు. ఖర్చయిపోతే కథ అయిపోయింది, మళ్లీ వచ్చే ఏడు. ఖరీదుదారు డబ్బు తెచ్చాడు, మిర్చి చేసుకున్నాడు, మళ్లీ డబ్బు చేసుకుంటాడు, అది మొదటిదానికంటే ఎక్కువ రావాలి, లేకపోతే ఆయన అంత దూరం వచ్చిందే దండగ. వచ్చినదాన్ని మళ్లీ తిప్పాలి. మిర్చి కాకపోతే పత్తి, అదీ కాకపోతే ప్లాటు. ఆయనకు మిర్చి మీద ప్రేమ లేదు. ఈ ఆగని చక్రమే పెట్టుబడి. మా బావమరిది మ్యూచువల్ ఫండ్‌లో నెలకు రెండు వేలు సిప్ కట్టి "నేనూ క్యాపిటలిస్టునే బావా" అంటాడు, జీతం ఒక్క నెల ఆగితే ఫోన్ నాకే చేస్తాడు.

ఇక్కడ చాలామంది ఉపన్యాసకులు చేసే పని నాకు నచ్చదు. ఖరీదుదారును విలన్ చేసి చప్పట్లు కొట్టించుకుంటారు. ఆ రోజు ఆయన బాపుకు చాయ్ తాగించాడు, నన్ను ఏం చదువుతున్నావని అడిగాడు. చెడ్డవాడేం కాదు. జాలిపడి మాకు వెయ్యి ఎక్కువ ఇచ్చాడనుకోండి, పక్కవాడు తక్కువకు కొంటాడు, పైన ఎగుమతి చేసేవాడు ఆ తక్కువకే అడుగుతాడు, వచ్చే సీజన్‌కు ఈయన యార్డులో ఉండడు. మన తేజ రకం మిర్చి చైనాకు పోతుంది, అక్కడి కొనుగోలుదారు "రేపు చూద్దాం" అంటే ఇక్కడ ఈయనకు నిద్ర పట్టదు. మంచి మనుషులు ఉన్నా ఇట్లాగే నడుస్తుంది, ఆ సంగతి అర్థమయ్యేలా చెప్పడమే కష్టం. తిట్టడం తేలిక.

ఇంకో రకం ఉన్నారు, రైతు వ్యాపారిలా ఆలోచించాలి అని మోటివేషన్ ఇచ్చేవాళ్లు. కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు వచ్చాక అమ్ముకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు, వరంగల్ చుట్టూ బోలెడన్ని ఉన్నాయి. కానీ అక్కడా ఆగడాన్ని కొనుక్కోవాలి, బస్తాకు కిరాయి కట్టాలి, ఇంట్లో అప్పుకు మిత్తి నడుస్తూనే ఉంటుంది. 2025 సీజన్‌లో రేటు పడిపోయినప్పుడు ముందటేడు సరుకు దాచుకున్నవాళ్లను అడగండి ఎట్లా ఉందో.

మరి ఇందులో "పొలిటికల్" ఎక్కడుంది అంటారా. ఎవరు ఆగగలరో తేల్చే రూల్స్ అన్నీ రాజకీయమే. మిర్చికి కేంద్రం మద్దతు ధర లేదు. పత్తికి ఉంది, 2025-26లో పొడవు పింజకు క్వింటాలుకు 8,110 రూపాయలు, కానీ తేమ 12 శాతం దాటితే కేంద్రం తరఫున పత్తి కొనే సీసీఐ కొనదు, అప్పుడు మళ్లీ ప్రైవేటు వ్యాపారే. అదే 2025 ఆగస్టులో, కొత్త పత్తి మార్కెట్‌కు రాకముందే, కేంద్రం దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది, సెప్టెంబర్ దాకా అని మొదలుపెట్టి డిసెంబర్ ఆఖరు దాకా పొడిగించింది. మిల్లులు ఆగలేకపోతున్నాం అంటే ఢిల్లీకి వినబడింది. పరకాల రైతు ఆగలేడన్నది ఎవరికి వినబడాలి?

విత్తనం సంగతి ఇంకా బాగుంటుంది. బీటీ పత్తి వచ్చిన కొత్తలో 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయల పైనే. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, టెక్నాలజీ పేరుతో కంపెనీ తీసుకునే రాయల్టీ ఎక్కువని గుత్తాధిపత్యం మీద ఫిర్యాదులు వినే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోయింది, ఆ ఏడే 750కి దిగింది. డిమాండ్ తగ్గి దిగలేదు. కేసు పడింది, రేటు దిగింది. అంతే. నా క్లాసులో ఈ ఒక్క ఉదాహరణకు పడినంత వెలుగు ఏ గ్రాఫుకూ పడలేదు.

వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు గురించి కూడా రాయాలనుంది, రాస్తే ఆగను. 1934లో పెట్టారు, 2002లో మూసేశారు. పత్తి ఇక్కడ పండుతుంది, నేత వచ్చినవాళ్లు భీవండికీ సూరత్‌కూ పోయి మగ్గాలు నడిపారు. ఇప్పుడు గీసుగొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కు, మంచిదే, కానీ అక్కడ చేరే పిల్లలు కూడా మొదటి జీతం స్లిప్పును తక్‌పట్టీ చదివినట్టే చదవాలి: ఎంత కోశారు, ఎందుకు కోశారు, నేను వద్దంటే ఎన్ని రోజులు కూర్చోగలను.

ముందు ఏ పుస్తకం చదవాలి అని కింద ఎవరో ఒకరు అడుగుతారు, అడగకముందే చెప్తున్నా. ముందు యార్డుకు పోండి. మిర్చి బాగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, శని, ఆదివారాలు మార్కెట్‌కు సెలవు. పొద్దున్నే పోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఎవరైనా పెద్దాయన దగ్గర నిలబడి ఆయన సరుకు ఎంతకు పోయిందో, జెండా ఎంతో రెండూ రాసుకోండి. ఈ రెండింటి మధ్య తేడా ఎందుకు వచ్చిందో ఆయన్నే అడగండి, నాకంటే బాగా చెప్తాడు.