కణితి 3.2 నుంచి 3.5 అయితే పెరిగినట్టా? ఆ కొలత చుట్టూ ఉన్న ఉద్యోగాలు

ప్రశ్న: మాది రాయగడ. పేపర్ మిల్లులో పనిచేస్తున్నాను. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ రెండో ఏడాది, లెక్కలు, బయాలజీ రెండూ ఉన్నాయి. మా అక్కకి లివర్‌లో కణితి ఉంటే మందులు వాడుతున్నారు. మొదటి సీటీ బరంపురంలో తీయిస్తే 3.2 సెంటీమీటర్లు అన్నారు. మూడు నెలల తర్వాత విశాఖలో తీయిస్తే 3.5 వచ్చింది. పెరిగిపోయిందని మేం టెన్షన్ పడుతుంటే డాక్టర్ గారు 'స్టేబుల్‌గానే ఉంది' అన్నారు. అప్పట్నుంచి మా పాప స్కానింగ్ చదువు చదువుతానంటోంది. బంధువులేమో అది బటన్ నొక్కే ఉద్యోగం, రేపు అదీ కంప్యూటరే చేసేస్తుందంటున్నారు. ఏ కోర్సులో చేర్చమంటారు సార్?

జవాబు: మీ అక్కగారి వైద్యం గురించి చెప్పాల్సింది వాళ్ల డాక్టరే. అయితే ఆయన 'స్టేబుల్' అని ఎందుకన్నారో తెలిస్తే మీ పాప చేరాలనుకుంటున్న రంగం ఏమిటో సగం తెలిసిపోతుంది. అందుకే అక్కడ మొదలుపెడతాను.

గట్టి కణితులు మందుకు తగ్గుతున్నాయా లేదా తేల్చడానికి 'రెసిస్ట్' అనే నియమాలున్నాయి. 2000లో వచ్చాయి, 2009లో సవరించారు. కొన్ని కణితులను ఎంచుకుని వాటి పొడవైన వ్యాసాలను కూడతారు. మొత్తం అయిదుకు మించి తీసుకోరు, ఒక్కో అవయవంలో రెండుకు మించి తీసుకోరు. మొదటి స్కాన్‌తో పోలిస్తే ఆ మొత్తం 30 శాతం తగ్గితే మందు పనిచేస్తున్నట్టు. అప్పటిదాకా వచ్చిన అతి తక్కువ కొలత కంటే 20 శాతం, అదీ కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగితే ముదిరినట్టు. కొత్త కణితి కనిపించినా అంతే. మీ లెక్కలో తేడా 3 మిల్లీమీటర్లు, అంటే 9 శాతం పైచిలుకు. ఈ నియమం ప్రకారం అది తగ్గినట్టూ కాదు, ముదిరినట్టూ కాదు, అందుకే 'స్టేబుల్', అంటే నిలకడగా ఉందన్నారు.

ఇంత వెసులుబాటు ఎందుకంటే, మనిషి కొలతలో తేడా రాక తప్పదు. 1976లో అచ్చయిన ఒక ప్రయోగంలో 12 గుండ్రటి బంతులను మెత్తటి పరుపు మీద పెట్టి, పైన ఫోమ్ కప్పి, అనుభవమున్న 16 మంది క్యాన్సర్ డాక్టర్లతో చేత్తో తడిమి కొలిపించారు. అడ్డం కొలత, నిలువు కొలత గుణించగా వచ్చిన అంకె 25 శాతం తగ్గితే 'తగ్గింది' అనుకుంటే, ఒకే సైజు బంతిని కూడా తగ్గిందనే పొరపాట్లు మరీ ఎక్కువయ్యాయి. 50 శాతం గీత పెట్టుకుంటే నమ్మదగినట్టు తేలింది. ఇప్పటి 30 శాతానికీ దానికీ చుట్టరికం ఉంది. వ్యాసం 30 శాతం తగ్గితే మిగిలేది 0.7 వంతు. 0.7ని 0.7తో గుణిస్తే 0.49, అంటే దాదాపు సగం. లెక్కలంటే ఇష్టమున్న పిల్లకి ఈ ముక్క చెప్పి చూడండి.

ఇప్పుడు చేత్తో తడిమి చూడ్డం కాదు, సీటీ ఉంది. అయినా తేడాలు పోలేదు. ఒకచోట ముక్కలు (స్లైసులు) 5 మిల్లీమీటర్ల మందంలో తీస్తారు, ఇంకోచోట 1 మిల్లీమీటరు. కాంట్రాస్ట్ మందు ఎక్కించాక ఎన్ని సెకన్లకి తీశారన్న దాన్ని బట్టి లివర్‌లో కణితి అంచు ఒకసారి స్పష్టంగా, ఒకసారి మసకగా కనిపిస్తుంది. పేషెంటు ఊపిరి బిగబట్టకపోతే లివర్ కదిలిపోతుంది. పైగా పొడవైన గీత ఎక్కడ గీయాలన్నది చూసేవాళ్ల కన్ను. ఊపిరితిత్తుల స్కాన్‌లు 1,018 తీసుకుని నలుగురేసి రేడియాలజిస్టులతో (స్కాన్ చూసి రిపోర్టు రాసే డాక్టర్లు) చూపించిన ఒక పెద్ద సంకలనం ఉంది. 3 మిల్లీమీటర్లు, అంతకు మించిన గడ్డలని కనీసం ఒక్కరైనా గుర్తించినవి 2,669. నలుగురూ ఒప్పుకున్నవి 928.

వ్యాసం వదిలేసి ఘనపరిమాణం కొలిస్తే పోదా అని మీ పాప అడుగుతుంది, అడగాలి కూడా. గుండ్రటి కణితి వ్యాసం 26 శాతం పెరిగితే ఘనపరిమాణం రెట్టింపవుతుంది, కాబట్టి మార్పు ముందే పట్టుబడే అవకాశం ఉంది. కానీ గీతలో దొర్లిన చిన్న తప్పు కూడా అలాగే సుమారు మూడింతలవుతుంది. మీ 3.2, 3.5నే గోళాలనుకుంటే ఘనపరిమాణంలో తేడా 30 శాతం దాటుతుంది. అందులో రోగం ఎంత, మెషీన్ ఎంత?

ఇక బటన్ నొక్కే ఉద్యోగం సంగతి. స్లైసు మందం, కాంట్రాస్ట్ టైమింగ్, ఊపిరి, పాత స్కాన్ ఎలా తీశారో వెతికి అలాగే తీయడం, ఇవన్నీ స్కాన్ తీసే టెక్నాలజిస్టు చేతిలో ఉంటాయి. అక్కడ తప్పితే తర్వాత ఎంత పెద్ద డాక్టరు కొలిచినా ప్రయోజనం తక్కువ. మీ జిల్లా పిల్లకి ఒక లాభం కూడా ఉంది. తెలుగు, ఒడియా వస్తాయి. అక్కడి కొండ గిరిజనుల భాష కువి కూడా నాలుగు ముక్కలు నేర్చుకుంటే, కొండ మీది నుంచి వచ్చిన ముసలమ్మకి ఊపిరి ఆపమని అర్థమయ్యేలా చెప్పగలదు. మెషీన్‌లోంచి హిందీలోనో ఇంగ్లీషులోనో వచ్చే గొంతు వల్ల అది కాదు.

సాఫ్ట్‌వేర్ ఇప్పటికే అంచులు గీస్తోంది, ఇంకా బాగా గీస్తుంది. అయితే నలుగురు డాక్టర్లు ఒప్పుకోని చోట దానికి ఏది సరైనదని నేర్పాలి? పక్కనున్న రక్తనాళాన్ని కూడా కలిపేసి గీస్తే పట్టుకునేదెవరు? పని స్వభావం మారుతుంది, మనిషి అక్కర్లేకుండా పోతుందని నేననుకోను.

దారులు చెబుతాను. నీట్ రాసి ఎంబీబీఎస్, ఆపైన మూడేళ్ల ఎండీ రేడియోడయాగ్నసిస్ చేస్తే రిపోర్టు మీద సంతకం ఆమెదే. అయితే పదేళ్ల మాట. రేడియాలజీ ఇమేజింగ్ బీఎస్సీ అయితే త్వరగా టెక్నాలజిస్టు ఉద్యోగం, మొదట్లో జీతం ఓ మోస్తరే. ఫిజిక్స్ బాగుంటే మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ, లేదా ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి భాభా అణు పరిశోధన కేంద్రం వారి రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా. ఆ ఉద్యోగాలు ఎక్కువగా రేడియోథెరపీలో (రేడియేషన్‌తో క్యాన్సర్ వైద్యం) ఉంటాయి, స్కానర్ల నాణ్యత పరీక్షలూ వాళ్ల పనే. లెక్కలూ బయాలజీ రెండూ ఉన్నాయి కాబట్టి ఇప్పుడే ఏ తలుపూ మూసుకోవద్దు. నీట్ రాయనివ్వండి, ఎయిమ్స్ వారి పారామెడికల్ ప్రవేశ పరీక్షకూ కట్టండి. సీట్లు ముందు ఒడిశాలోనే చూడండి. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన ఆంధ్రలో లోకల్ కోటా రాదు, అక్కడ చదివిన ఏళ్లు చూస్తారు.

బీఎస్సీకే వెళ్తే కాలేజీ బిల్డింగ్ చూసి మురిసిపోకండి. సొంత ఆసుపత్రి ఉందా, అందులో సీటీ, ఎంఆర్ఐ రోజూ నడుస్తున్నాయా, విద్యార్థిని మెషీన్ నడిపే కన్సోల్ దగ్గర కూర్చోబెడతారా అని చివరి ఏడాది పిల్లల్ని అడగండి. ప్రిన్సిపాల్‌ని అడిగితే అన్నీ ఉన్నాయనే అంటారు.

ఫీజు కట్టేముందు ఒక పని చేయించండి. 'త్రీడీ స్లైసర్' అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుంది. నేను చెప్పిన ఊపిరితిత్తుల స్కాన్‌లు పేర్లు తీసేసి 'క్యాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్'లో అందరికీ పెట్టారు. ఓ పది గడ్డలు కొలిచి రాసి దాచమనండి. వారం పోయాక పాత అంకెలు చూడకుండా మళ్లీ కొలిచి, రెండు వరుసలూ పక్కపక్కన పెట్టమనండి. తేడా ఎందుకొచ్చిందా అని తవ్వుతూ కూర్చుంటే ఈ రంగంలో చేర్చండి. విసుగొస్తే వేరే కోర్సు గురించి మళ్లీ రాయండి. మేనత్తగారి సీడీ మాత్రం ఈ ప్రయోగానికి ఇవ్వకండి, పాప ఇంట్లో దాని మీద గీసే ప్రతి గీతా మీ అందరి నిద్రా చెడగొడుతుంది.