కివీ కాయలను తీగ మీదే పండించడానికి ఎథెఫాన్ చల్లవచ్చా?

న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో మీ పెరటి కివీ తీగకు కాయలు విరగకాశాయనీ, ఇక్కడ శరదృతువు ముగిసే మే నెల వచ్చినా రాళ్లలా గట్టిగా ఉన్నాయనీ, మన వైపు మామిడిని మాగబెట్టడానికి వాడే ఎథెఫాన్ మందు తీగ మీదే చల్లితే పండుతాయా అనీ అడిగారు. దయచేసి చల్లకండి. మీ తీగకు ఏ లోపమూ లేదు. నూగు తొక్క, ఆకుపచ్చ కండ అని రాశారు కాబట్టి అది హేవార్డ్ రకమే అయి ఉంటుంది. ఆ రకం తీగ మీద ముదురుతుంది, కోశాక పండుతుంది.

నేను ఇక్కడి తే పుకే అనే ఊరి దగ్గర కివీ తోటల్లోనూ ప్యాకింగ్ షెడ్డులోనూ ఆరు సీజన్లు పనిచేశాను. మొదటి ఏడాది మా అద్దె ఇంటి వెనుక ఒక పాత తీగ ఉండేది. ఫిబ్రవరి చివరికే కాయలు చేతికి నిండుగా కనిపించాయి. ఆత్రం ఆగక బుట్టెడు కోసి, అరటిపండ్లతో కలిపి సంచిలో కట్టి పెట్టాను. కొన్నాళ్లకు చక్కగా మెత్తబడ్డాయి. కోసి చూస్తే లోపల కొన్ని గింజలు ఇంకా లేతరంగులోనే ఉన్నాయి. తింటే పులుపు తప్ప మరే రుచీ తగలలేదు. బుట్టెడు కాయలూ పారబోశాను.

ఆ అరటిపండ్లు వదిలింది ఎథిలీన్ వాయువు. ఎథెఫాన్ కూడా మొక్క కణాల్లోకి వెళ్లి, అక్కడ విడిపోయి అదే ఎథిలీన్‌ను ఇస్తుంది. కాయను మెత్తబరచడం దానికి తెలుసు. కానీ తీపి రావాలంటే కాయలో ముందే పిండిపదార్థం చేరి ఉండాలి. వేసవి అంతా ఆకులు తయారుచేసి పంపిన ఆ పిండే శరదృతువు చలిరాత్రుల్లో మెల్లగా చక్కెరగా మారడం మొదలవుతుంది. కాయలో లేని పిండిని ఏ మందూ తెచ్చి పెట్టలేదు.

ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. నూజివీడు దగ్గర మా తోటలో నాన్నగారు కాయ భుజాలు లేచి, టెంక ముదిరిన తర్వాతే మామిడి కోయించేవారు. ఆ తర్వాతే వరిగడ్డిలో మాగబెట్టేవారు. లేత కాయను ఎంత మాగబెట్టినా వడలిపోతుందే తప్ప పండదని ఆయన అనడం చిన్నప్పుడు విన్నాను. ఆ మాట నాకు నిజంగా బోధపడింది మాత్రం ఇక్కడ, ఆ కివీ బుట్ట దగ్గరే.

న్యూజిలాండ్ తోటల్లో కాయ ముదిరిందో లేదో చేత్తో నొక్కి చెప్పరు. రసం పిండి బ్రిక్స్ చూస్తారు, అంటే రసంలో చక్కెర ఏపాటి ఉందో చెప్పే కొలత. హేవార్డ్‌కు కనీసం 6.2 ఉండాలి. అదే కాయ బాగా పండాక 12 దాటుతుంది. కోసిన కాయలను సున్నా డిగ్రీల దగ్గర నెలల తరబడి దాచేవాళ్లం. ఆ గదుల్లోకి ఇంజను పొగ వదిలే ఫోర్క్‌లిఫ్టులను రానిచ్చేవారు కాదు. పొగలో ఉండే కాస్త ఎథిలీన్ చాలు, నిల్వ ఉన్న సరుకంతా మెత్తబడిపోవడానికి. ఒక మెత్తటి కాయ పొరపాటున ట్రేలో పడినా పక్కవాటిని చెడగొట్టేది. కివీకి ఎథిలీన్ అంటే అంత సున్నితం. అలాంటప్పుడు తీగ మొత్తానికి దాన్ని తగిలించడం దేనికి?

పైగా ఎథెఫాన్ కాయ దగ్గరే ఆగదు. ఆకులనూ కాయలనూ రాల్చే గుణం దానికుంది. పత్తిలో కాయలు పగలడానికి, ఆకు రాలడానికి వాడేది అదే మందు. మన దేశంలో మామిడిని సైతం ఎథెఫాన్ నీళ్లలో ముంచడాన్ని ఆహార భద్రతా సంస్థ ఒప్పుకోదు. గదిలో ఎథిలీన్ వాయువు పెట్టి, అదీ 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 100 వంతులు) మించకుండా, మాగబెట్టమంటుంది. సీసా మీద కివీ పేరు లేకపోతే ఆ మందును కివీ మీద చల్లకూడదు. తినేది మీ పిల్లలు.

కివీకి వాడే మందులని హైడ్రోజన్ సయనమైడ్, ఫోర్‌క్లోర్‌ఫెన్యూరాన్ పేర్లు కూడా మీకు కనిపించవచ్చు. మొదటిది చలికాలంలో మొగ్గలు ఒక్కసారిగా విచ్చడానికి, రెండోది పిందె దశలో సైజు పెరగడానికి. పండించడం వాటి పని కాదు. మొదటిది మనిషికి ప్రమాదకరం కూడా, పెరట్లో దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. వేర్వేరు కొమ్మల నుంచి నాలుగైదు కాయలు అడ్డంగా కోసి చూడండి. గింజలన్నీ నల్లగా ఉంటే, ఒక కాయను ఆపిల్‌తో కాగితపు సంచిలో పెట్టి వారం తర్వాత తినండి. తియ్యగా ఉంటే మిగిలినవన్నీ కోయవచ్చు. పుల్లగా ఉంటే మరో పది రోజులు తీగకే వదిలి మళ్లీ ఒకటి పరీక్షించండి. బ్రిక్స్ చూసే చిన్న పరికరం కొనుక్కుంటే ఇంకా తేలిక. నేను రెండో ఏడాది కొన్నాను, ఇప్పటికీ వాడుతున్నాను.

కోసిన కాయలను దెబ్బ తగలకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. అదే అరలో ఆపిల్ గానీ అరటి గానీ ఉంచవద్దు. వారానికి పది కాయలు బయటికి తీసి, ఆపిల్‌తో కలిపి సంచిలో మాగబెట్టుకుంటే రెండు మూడు నెలలు తినవచ్చు. తీగ మీదే మెత్తబడేదాకా ఆగిన ఏడాది నాకు మిగిలినవి తక్కువ. ఎలుకలు, పోసమ్‌లు అనే చెట్లెక్కే జంతువులు, పక్షులు ముందే పసిగట్టాయి, ఆపై గట్టి మంచు కురిసి మిగతావి కమిలిపోయాయి. మీ దగ్గర కూడా మంచు పడే రోజులు దగ్గరపడ్డాయి కాబట్టి ఆ నాలుగైదు కాయలను ఈ వారమే కోసి చూడండి. గింజలు ఏ రంగులో ఉన్నాయో రాస్తే మిగతావి ఎప్పుడు కోయాలో చెబుతాను.