సీఎంఎస్ ప్రాజెక్టులో వేశారు... అమ్మాయి ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. మా అమ్మాయి నిరుడు సీఎస్ఈలో బీటెక్ పూర్తిచేసి, క్యాంపస్ సెలెక్షన్‌లో వచ్చిన ఐటీ కంపెనీలో చేరింది. ట్రైనింగ్ అయ్యాక ‘అడోబీ ఎక్స్‌పీరియన్స్ మేనేజర్’ అనే దాని మీద పనిచేసే ప్రాజెక్టులో వేశారు. స్నేహితులంతా జావా ఫుల్‌స్టాక్, డేటా, ఏఐ అంటుంటే తను వెనకబడిపోతున్నానని టెన్షన్ పడుతోంది. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది ‘అది వెబ్‌సైట్లు దిద్దుకునే పని, నాలుగేళ్లు పోతే ఎందుకూ పనికిరాదు, మాన్పించి ఏఐ కోర్సులో చేర్పించు’ అంటున్నాడు. ఫీజు లక్ష దాటుతోంది. ఏం చేయమంటారు? ఈ రంగంలో ఉంటే ఎప్పటికైనా విజయవాడ దగ్గరికి వచ్చే వీలుంటుందా?

జవాబు:

ఇప్పటికిప్పుడు ఉద్యోగం మాన్పించకండి. ఆ లక్ష రూపాయలూ కట్టకండి. ముందు అమ్మాయిని కూర్చోబెట్టి, ఆ ప్రాజెక్టులో తన చేతికి ఇచ్చిన పని ఏమిటో అడగండి. ఎందుకంటే ఒకే ప్రాజెక్టులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి పూర్తిగా వేరు భవిష్యత్తులు ఉంటాయి. క్లయింటు పంపిన వర్డ్ ఫైలు తెరిచి, పేరాలు పేజీలో అతికించి, ఫొటో మార్చి పబ్లిష్ నొక్కడం ఒకరి పని. దీన్ని ఆథరింగ్ అంటారు. ఆ పేజీ ఏ ముక్కలతో తయారవ్వాలి, ఒక్కో ముక్క ఎక్కడి నుంచి రావాలి, ఎవరు మార్చవచ్చు, మారిస్తే ఎక్కడెక్కడ మారాలి అన్నది ఆలోచించి కోడ్ రాయడం మరొకరి పని. మీ బావమరిది భయం మొదటి పనికి వర్తిస్తుంది. రెండో పనికి వర్తించదు.

ఆయన్ని తప్పుపట్టలేం. ఈ రంగం మొదట్లో అలాగే ఉండేది. 1990ల నడుమ వరకూ వెబ్‌సైట్ అంటే హెచ్‌టీఎంఎల్ ఫైళ్ల గుట్ట. ఫోన్ నంబర్ మారితే ప్రతి ఫైలూ తెరిచి మార్చి సర్వర్‌లోకి ఎక్కించాలి. వందల పేజీలున్న పెద్ద సంస్థలకు అది కుదరక కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లు, అంటే సీఎంఎస్‌లు పుట్టాయి. మీ అమ్మాయి పనిచేస్తున్న అడోబీ ఎక్స్‌పీరియన్స్ మేనేజర్ కూడా అలాంటిదే. విన్యెట్, ఇంటర్‌వోవెన్ అనే అమెరికన్ కంపెనీలు రెండూ 1995లో మొదలయ్యాయి. వ్యాసం రాసేవారు ఒకరు, సరిచూసేవారు ఒకరు, ఆమోదించేవారు ఒకరు అన్న వరుసను సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చాయి. అప్పట్లో వాటి మీద నిపుణులకు మంచి గిరాకీ ఉండేది. 2009 వచ్చేసరికి రెండూ వేరే కంపెనీల చేతుల్లోకి పోయాయి. విన్యెట్ మెనూలు మాత్రమే బట్టీపట్టినవాళ్లు ఇబ్బంది పడ్డారు. కంటెంట్‌ను విడగొట్టి దాచడం, ఆమోదాల వరుస, క్యాష్ (తరచూ అడిగే పేజీల నకలు సిద్ధంగా ఉంచుకోవడం) ఎలా పనిచేస్తుంది అన్నవి అర్థం చేసుకున్నవాళ్లు తర్వాత వచ్చిన సిస్టమ్‌లలోకి సులువుగానే మారగలిగారు. మీ అమ్మాయి కూడా ఈ తేడా చూసే దారి ఎంచుకోవాలి.

ఇప్పుడు ఈ పని ఎంత మారిందో చూడండి. గుంటూరు కొత్తపేటలో ఒక పెద్ద ఆసుపత్రి ఉందనుకుందాం. దానికి విజయవాడలో, తెనాలిలో బ్రాంచీలు. గుండె డాక్టరుగారు మంగళవారం ఉదయం ఓపీని సాయంత్రానికి మార్చుకున్నారు. ఆ ఒక్క సమయం వెబ్‌సైట్‌లో ఉంది, మొబైల్ యాప్‌లో ఉంది, రిసెప్షన్ పైన టీవీ తెర మీద ఉంది, వాట్సాప్‌లో జవాబిచ్చే బాట్‌లో ఉంది, తెలుగు పేజీలోనూ ఇంగ్లిష్ పేజీలోనూ ఉంది. ఎవరో ఒకరు వెబ్‌సైట్‌లో మార్చి యాప్‌లో మర్చిపోతే, సత్తెనపల్లి నుంచి పొద్దున్నే బస్సెక్కిన పెద్దాయన సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుంటాడు.

పాత పద్ధతిలో ఆ సమయం ఒక పేజీలో పేరా మధ్యలో ఉండిపోయిన వాక్యం. కొత్త పద్ధతిలో ‘డాక్టర్’ అన్నది ఒక నమూనా. పేరు, విభాగం, బ్రాంచి, వారం, ఓపీ మొదలయ్యే వేళ, ముగిసే వేళ... ఒక్కోటి ఒక్కో గడి. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి ఒక్కచోట మార్చి, అడ్మినిస్ట్రేటర్ ఆమోదించగానే అన్ని తెరలూ అక్కడి నుంచే ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ మరో సాఫ్ట్‌వేర్‌ను సమాచారం అడిగే దారి) ద్వారా తీసుకుంటాయి. కంటెంట్‌ను ఒకచోట దాచి, అది ఎలా కనిపించాలో నిర్ణయించే పనిని పూర్తిగా విడదీయడాన్ని హెడ్‌లెస్ అంటున్నారు. 2007లో ఐఫోన్ వచ్చి, తెరలు రకరకాలుగా పెరిగాక ఈ అవసరం ముదిరింది. బెర్లిన్‌లో 2013లో మొదలైన కంటెంట్‌ఫుల్ లాంటి కంపెనీలు మొదటి నుంచీ ఇదే పద్ధతిలో కట్టాయి. పాతవాళ్లూ ఊరుకోలేదు. వర్డ్‌ప్రెస్ 2016 డిసెంబరులో వచ్చిన 4.7 వెర్షన్‌లో కంటెంట్ కోసం రెస్ట్ ఏపీఐని తనలో కలుపుకుంది. ద్రూపాల్ అనే మరో సీఎంఎస్ 2019లో జేసన్ ఏపీఐ అన్న అలాంటి దారినే కలుపుకుంది.

హెడ్‌లెస్ వచ్చాక కొత్త చిక్కు కూడా వచ్చింది. కంటెంట్ రాసే మార్కెటింగ్ వాళ్లకు తాము రాసింది పేజీలో ఎలా కనిపిస్తుందో కనిపించకుండా పోయింది. గడులు నింపుతున్నారు, ఫలితం చూడలేకపోతున్నారు. అందుకే ఇప్పుడు పెద్ద సిస్టమ్‌లన్నీ రెండూ ఇవ్వాలని చూస్తున్నాయి: వెనక ఏపీఐ, ముందు కంటితో చూసి మార్చుకునే ఎడిటర్. ఈ రెంటినీ పొసిగించడం ఈ రోజున ఈ రంగంలో బాగా ఆలోచించి చేయాల్సిన పని అని నా అభిప్రాయం. ఆసుపత్రిలో మాట్లాడి, ఏ గడులు పెట్టాలో తేల్చగల ఇంజినీరు విలువ కోడ్ మాత్రమే రాసేవారి కంటే ఎక్కువ.

ఇక మీ అమ్మాయి చేతిలో ఉన్న అడోబీ సంగతి. దీని మూలం స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో పెరిగిన డే సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ. అడోబీ దాన్ని 2010లో కొన్నది. రెస్ట్ అన్న పద్ధతిని 2000లో తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో వివరించిన రాయ్ ఫీల్డింగ్ ఆ కంపెనీలో చీఫ్ సైంటిస్టుగా పనిచేశారు. స్నేహితులు జావా నేర్చుకుంటున్నారని అమ్మాయి బెంగపడుతోంది కదా, తన సిస్టమ్ లోపల ఉన్నదీ జావానే. అపాచీ స్లింగ్, అపాచీ జాక్‌రాబిట్ ఓక్, ఓఎస్‌జీఐ అన్నవి దాని పునాదులు. మొదటి రెండూ ఓపెన్ సోర్స్, కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. బ్రౌజర్‌లో ఒక చిరునామా కొడితే స్లింగ్ దాన్ని కంటెంట్ చెట్టులోని ఏ కొమ్మకు ఎలా జోడిస్తుందో ఒక్కసారి కోడ్‌లో వెంబడించి చూడమనండి. ఆ పని చేసిన ఫ్రెషర్‌కూ, డైలాగులు (గడులున్న పెట్టెలు) నింపడం మాత్రమే వచ్చిన ఫ్రెషర్‌కూ ఇంటర్వ్యూలో తేడా అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇందులో జాగ్రత్తపడాల్సినవీ ఉన్నాయి, దాచి ప్రయోజనం లేదు. 2020 నుంచి అడోబీ దీన్ని క్లౌడ్ సర్వీసుగా ఇస్తోంది. అంతకుముందు కొత్త వెర్షన్‌కు మారడమే నెలల తరబడి సాగే ప్రాజెక్టు. అలాంటి అప్‌గ్రేడ్‌ల మీద బతికిన టీములు చాలా ఉన్నాయి. క్లౌడ్‌లో అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి, రాసిన కోడ్ నాణ్యత పరీక్షలు దాటితేనే పైకి వెళుతుంది. కాబట్టి గిట్ (కోడ్ మార్పుల లెక్క ఉంచేది), మేవెన్ (కోడ్‌ను కలిపి ప్రోగ్రామ్‌గా కట్టేది), టెస్టులు రాయడం తప్పనిసరి అయ్యాయి. 2023లో ఎడ్జ్ డెలివరీ సర్వీసెస్ అని ఇంకోటి తెచ్చారు. అందులో రచయితలు గూగుల్ డాక్స్‌లోనో వర్డ్‌లోనో రాసుకున్నా పేజీ తయారవుతుంది, దానికి కావాల్సింది ఎక్కువగా జావాస్క్రిప్టు, సీఎస్ఎస్. ఆ దారిలో జావా అవసరం తగ్గుతుంది. అమ్మాయి ఒక్క జావా మీదే ఆధారపడకుండా జావాస్క్రిప్టును గట్టిగా పట్టుకోవాలి.

ఏఐ ప్రభావం మొదట పడేది ఆథరింగ్ మీదే. వ్యాసం చిత్తుప్రతి, ఫొటోకు వివరణ, మొదటి విడత అనువాదం ఇప్పటికే యంత్రం చేస్తోంది. అతికించే పనిలో ఏడాదికి మించి ఉండటం మంచిది కాదు. అదే ఏఐ వల్ల గడులుగా విడగొట్టిన కంటెంట్ అవసరం పెరుగుతుంది. ఆసుపత్రి బాట్ సరైన ఓపీ సమయం చెప్పాలంటే ఆ సమయం ఎక్కడో ఒకచోట స్పష్టంగా, తాజాగా, ఆమోదం పొంది ఉండాలి కదా. ఏఐ మీద ఆసక్తి ఉంటే ఈ ప్రాజెక్టులో ఉంటూనే ఆ వైపు వెళ్లే దారి ఉంది.

ఇంకో ముఖ్యమైన ఇబ్బంది: అడోబీ సిస్టమ్ లైసెన్సు ఉంటేనే దొరుకుతుంది. ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకుని ప్రాక్టీసు చేయడం కుదరదు. అందుకని ఆఫీసులో ఉండగానే నేర్చుకోవాలి, ఇంటి దగ్గర ఉచితంగా దొరికే ద్రూపాల్‌లోనో స్ట్రాపీలోనో అదే ఆలోచనను మళ్లీ కట్టి చూడాలి. పైన చెప్పిన ఆసుపత్రినే ప్రాజెక్టుగా తీసుకోమనండి. డాక్టర్ల నమూనా, రెండు భాషలు, ఆమోదం, ఒక వెబ్ పేజీ, ఫోన్‌లో ఒక తెర. వారాంతాల్లో కూర్చుంటే రెండు మూడు నెలల్లో అవుతుంది. ఏ కోర్సు సర్టిఫికెట్ కన్నా నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఆ తెలుగు పేజీ కట్టేటప్పుడు తనకు ఒక విషయం ఎదురవుతుంది. ఇంగ్లిష్‌కు సరిపోయేలా పెట్టిన బటన్‌లో ‘లక్ష్మి’ అని రాస్తే కింద ఒత్తులు తెగిపోతాయి, ‘స్త్రీల విభాగం’ అన్నది రెండో వరుసలోకి జారుతుంది. వరుసల మధ్య ఎత్తు పెంచాలి, వెడల్పు బిగించకుండా వదలాలి. తెలుగు చదవడం రాని డెవలపర్ కంటికి ఇది ఆనదు. మన పిల్లలకు వెంటనే కనిపిస్తుంది. గుంటూరు జిల్లా అధికారిక వెబ్‌సైట్ తెరిచి, ఏదైనా ఫొటో మీద రైట్ క్లిక్ చేసి చిరునామా చూడమనండి, ఎస్3వాస్ అన్న పేరు కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ తయారుచేసిన ఈ వ్యవస్థ మీదే దేశంలో చాలా జిల్లాల సైట్లు నడుస్తున్నాయి. చూపు లేనివారు కూడా చదువుకోగలిగేలా, స్థానిక భాషలోనూ ఉండేలా సైట్లు కట్టడం దాని ఉద్దేశాల్లో ఒకటి. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో వెర్షన్ 2023లో వచ్చింది. యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి ఇలాంటి సౌలభ్యాన్ని, అంటే యాక్సెసిబిలిటీని, చాలా రకాల కంపెనీలకు చట్టమే తప్పనిసరి చేసింది. యాక్సెసిబిలిటీ బాగా తెలిసిన ఫ్రెషర్లు నాకు చాలా అరుదుగా తగులుతున్నారు. అమ్మాయి దీని మీద దృష్టి పెడితే టీములో తన పేరు త్వరగా వినబడుతుంది.

‘వెబ్‌సైట్లు దిద్దుకునే పని’ అన్న మాటకు ఒక సంగతి గుర్తుచేస్తాను. 2014 అక్టోబరులో ద్రూపాల్‌లో ఒక పెద్ద లోపం బయటపడింది. ప్రకటన వెలువడిన 7 గంటల్లోగా సరిచేసుకోని ప్రతి ద్రూపాల్ 7 సైటూ చొరబాటుకు గురైందనే అనుకోండని వాళ్ల భద్రతా బృందమే హెచ్చరించింది. 7 గంటలు! మన దగ్గర అర్ధరాత్రి ప్రకటన వస్తే తెల్లారేసరికి గడువు అయిపోతుంది. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వాలు నిలబడే సిస్టమ్‌లను చూసుకునే ఉద్యోగాన్ని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. అమ్మాయి తన లీడ్‌ను నేరుగా, మర్యాదగా అడగాలి: ‘నాకు ఆథరింగ్ టికెట్లతో పాటు కాంపొనెంట్ డెవలప్‌మెంట్ ఎప్పటి నుంచి ఇస్తారు?’ కాంపొనెంట్ అంటే పైన చెప్పిన పేజీ ముక్కే. మొదట్లో ఆరు నెలలు ఆథరింగ్ చేయడం నష్టం కాదు, సిస్టమ్ వాడేవాళ్ల కష్టం తెలుస్తుంది. ఏడాది దాటినా అదే పని అయితే, రెండుసార్లు అడిగినా మార్చకపోతే, అదే కంపెనీలో ప్రాజెక్టు మార్పు అడగాలి. అప్పటికీ కాకపోతే ఇంకో ఆఫర్ చేతికి వచ్చాకే రాజీనామా. బాండ్ ఏమైనా రాయించుకున్నారేమో ఆఫర్ లెటర్ ఒకసారి మీరూ చదవండి. ఏఐ కోర్సు కావాలనిపిస్తే ఐఐటీల ప్రొఫెసర్లు చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. ముందు అది వినమనండి.

మీ బావమరిదితో కూడా గొడవ పెట్టుకోకండి. మేనకోడలి మీద ప్రేమతోనే చెప్పారు. కాకపోతే అమ్మాయి ముందు ‘పనికిరాని ప్రాజెక్టు’ అన్న మాట మళ్లీ అనొద్దని చెప్పండి. మొదటి ఉద్యోగంలో పిల్లలకు ఆ మాట చాలా లోతుగా తగులుతుంది.

విజయవాడ గురించి అడిగారు. గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్ క్యాంపస్, మేధా టవర్స్ ఉన్నాయి కానీ, తన సిస్టమ్ మీదే అక్కడ ఖాళీ దొరుకుతుందని లెక్కేసుకోకండి. పెద్ద లైసెన్సు సిస్టమ్‌ల ప్రాజెక్టులు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లోనే ఉంటాయి. అనుభవం పెరిగాక ఇంటి నుంచే చేయనిచ్చే కంపెనీలు కొన్ని ఉన్నాయి. ఈ పనిలో క్లయింటు ఎక్కడో ఉంటాడు కాబట్టి దానికి వీలు ఎక్కువే. మూడు నాలుగేళ్ల అనుభవం, దాంతోపాటు ద్రూపాల్ లేదా వర్డ్‌ప్రెస్ ఒకటి చేతిలో ఉంటే, గుంటూరులో కూర్చునే బయటి క్లయింట్లకు పనిచేయవచ్చు. ముందు ఈ ఏడాది కాంపొనెంట్ డెవలప్‌మెంట్ చేతికి రానివ్వండి. లీడ్ ఏం చెప్పారో తెలిశాక మళ్లీ రాయండి. ఆఫర్ లెటర్‌లో బాండ్ గురించి ఉంటే ఆ షరతులు కూడా అందులో రాయండి, చూసి చెబుతాను.