ఓడ ఫుకెట్‌లో ఆగలేదు, మా డబ్బు మాటేమిటి?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మావారు జూనియర్ కళాశాలలో లెక్చరర్. 2025 మే చివర్లో మా అత్తగారు, పాపతో కలిసి నలుగురం సింగపూర్ వెళ్లాం. అక్కడ హోటలు, అక్కడి నుంచి మలేసియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ చూసి వచ్చే నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం కలిపి 2,60,000 రూపాయల ప్యాకేజీని ఏప్రిల్‌లో కడప ఏజెంటు దగ్గర తీసుకున్నాం. టీసీఎస్ అంటూ మరో 13,000 కట్టించుకున్నారు. ప్రయాణ బీమా కూడా ఆయనే చేయించారు. విమానం టికెట్లు మాత్రం చవకగా వస్తున్నాయని విడిగా కొన్నాం. సముద్రం బాగాలేదని ఓడ ఫుకెట్‌లో ఆగలేదు. తిరుగు దారిలో ఆలస్యమై, ఉదయం చేరాల్సింది మధ్యాహ్నం మూడింటికి సింగపూర్ చేరింది. సాయంత్రం ఐదింటి చెన్నై విమానం తప్పిపోయింది. మర్నాటి టికెట్లకు 58,000 అయింది. ఫుకెట్‌లో పడవ విహారానికి ఆన్‌లైన్‌లో కట్టిన 9,000 కూడా పోయింది. ఒక్క రూపాయి రాదని ఏజెంటు అంటున్నారు. ఓడ కంపెనీ మాత్రం వచ్చేసారికి 10 శాతం తగ్గింపు కూపన్ పంపింది. ఈ ప్రయాణం కోసం నా గాజులు తాకట్టు పెట్టి 1,50,000 తెచ్చాం. మాకు రావలసింది ఏమైనా ఉందా? కూపన్ వాడుకుని సంక్రాంతికి మళ్లీ వెళ్లవచ్చా?

జవాబు: ఒక్క రూపాయి రాదన్న మాట నిజం కాదమ్మా. అలాగని పోయినదంతా రాదు. మీకు తిరిగి వచ్చే సొమ్ములో ఖాయమైన పెద్ద మొత్తం ఓడ కంపెనీ దగ్గర లేదు, ఆదాయపు పన్ను శాఖ దగ్గర ఉంది. ముందు అది చెబుతాను, ఎందుకంటే దానికి ఎవరితోనూ వాదించనక్కర లేదు.

విదేశీ యాత్ర ప్యాకేజీ అమ్మేవారు కొనేవారి నుంచి కొంత పన్ను ముందుగానే వసూలు చేసి ప్రభుత్వానికి జమ చేయాలి. అదే టీసీఎస్. మీరు డబ్బు కట్టిన 2025 ఏప్రిల్ నాటికి ఏడాదిలో 10 లక్షల వరకు దీని రేటు 5 శాతం. 2,60,000 మీద 13,000 సరిగ్గా సరిపోయింది. చాలామంది దీన్ని ప్రయాణ ఖర్చులో కలిపేసి మరచిపోతారు. అది మీ పేరిట ముందుగా కట్టిన పన్ను. ఏజెంటు ఎవరి పాన్ నంబరు రాశారో అడగండి. ఆ వ్యక్తి పేరిట జమ అయిన పన్నులు చూపే ఆదాయపు పన్ను శాఖ పత్రం, ఫారం 26ఏఎస్‌లో 13,000 కనిపించాలి. కనిపించకపోతే ఏజెంటు జమ చేయకపోయి ఉండవచ్చు, వెంటనే నిలదీయండి. మీవారి పాన్ అయితే 2025-26 ఆర్థిక సంవత్సరం రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. అంతదాకా ఆగనక్కర లేదు కూడా: 2024 అక్టోబరు నుంచి జీతగాళ్లు ఫారం 12బీఏఏలో ఈ వివరాలు కార్యాలయానికి ఇస్తే జీతంలో కోసే పన్నును ఆ మేరకు తగ్గిస్తారు. కళాశాలలో జీతాల బిల్లులు చూసే గుమాస్తాకు ఈ ఫారం సంగతి తెలియకపోవచ్చు, మీవారే నింపి పట్టుకెళ్లాలి. అత్తగారి పాన్ రాసి ఉంటే మాత్రం, ఆమెకు పన్ను పడకపోయినా, ఆమె పేరున రిటర్ను వేస్తేనే ఆ డబ్బు చేతికొస్తుంది.

ఇక ఓడ సంగతి. ఆగని రేవుకు కట్టవలసిన రుసుమును ఓడ కంపెనీలు సాధారణంగా ప్రయాణికులకు తిరిగి ఇచ్చేస్తాయి. అయితే చేతికి ఇవ్వవు, మీ గది ఖాతాలో జమ చేస్తాయి. మీరు ఓడలో కొన్న జ్యూసు, వైఫై, పాప దిగిన ఫోటో, ఇవన్నీ ఆ ఖాతాలోనే రాస్తారు కాబట్టి జమ అయిన సొమ్ము ఆ పద్దుల్లో కరిగిపోయి మీకు తెలియకుండానే సరిపోయి ఉండవచ్చు. దిగే రోజు ఇచ్చిన చివరి బిల్లు తీసి చూడండి. అందులో జమ లేకపోతే కంపెనీకి ఈమెయిలు రాయండి. ఏజెంటు దాకా ఆ డబ్బు రాకపోవచ్చు కాబట్టి, ఏమీ రాలేదని ఆయన అన్నది ఆయన మటుకు నిజమే కావచ్చు. ఇది పెద్ద మొత్తం కాదు, నలుగురికీ కలిపి పడవ విహారానికి పోయిన 9,000 పూడేంత ఉంటుందని కూడా ఆశ పెట్టుకోకండి.

అంతకు మించి ఓడ ఛార్జీలో వాటా అడిగితే ఇవ్వరు. టికెట్టు వెనుక ఉన్న ఒప్పందంలో, వాతావరణం కారణంగా రేవులు మార్చే, మానేసే హక్కు తమదేనని దాదాపు ప్రతి కంపెనీ రాసుకుంటుంది. అది వ్యాపారపు ఎత్తుగడ మాత్రమే అనుకోవద్దు. సోలాస్ అనే అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం ప్రకారం, ప్రాణరక్షణకు అవసరమని కెప్టెన్ తీసుకునే నిర్ణయానికి ఓడ యజమాని కూడా అడ్డుపడకూడదు. 1912లో టైటానిక్ మునిగాక 1914లో పుట్టిన ఒప్పందమిది, ఇప్పుడు అమల్లో ఉన్నది 1974 నాటి రూపం. కెప్టెన్ ఆగకపోవడం మీద కేసు వేస్తే నిలవదు. మీరు డబ్బిచ్చి కొన్నది ఓడలో గది, భోజనం, వినోదం. రేవులు కలిసొస్తే చూసేవి. ప్యాకేజీ కాగితం మీద మాత్రం ఫుకెట్ ఫోటోయే పెద్దదిగా వేస్తారు!

ఫుకెట్ తప్పిపోవడంలో ఆశ్చర్యం కూడా లేదు. పెనాంగ్‌లో ఓడ నేరుగా గట్టుకు ఆనుకుంటుంది, మెట్లు దిగి జార్జ్‌టౌన్ వీధుల్లోకి నడిచి వెళ్లవచ్చు. ఫుకెట్‌కు వచ్చే పెద్ద ఓడలు చాలావరకు పటాంగ్ తీరానికి ఎదురుగా సముద్రంలోనే లంగరు వేసి, జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తాయి. మే నుంచి అక్టోబరు దాకా ఆ తీరానికి నైరుతి రుతుపవనాల అలలు తగులుతాయి. ఊగే పడవలోకి అత్తగారి వయసు వారిని దించడం ఏ కెప్టెన్‌కూ ఇష్టం ఉండదు. మన పిల్లలకు వేసవి సెలవులు వచ్చే రోజుల్లోనే అక్కడ సముద్రం రేగడం మొదలవుతుంది. ఏజెంటు ఈ ముక్క ఏప్రిల్‌లోనే చెప్పి ఉండవలసింది.

మీకు నిజంగా తగిలిన దెబ్బ 58,000. ప్యాకేజీని రాత్రులతో భాగించి ఫుకెట్ రోజుకు ఇంత పోయిందని లెక్క వేయకండి. ఆ రోజు కూడా గదిలో పడుకున్నారు, భోజనం చేశారు. జేబు నుంచి అదనంగా పోయింది టికెట్ల 58,000, పడవ 9,000. ఈ రెండూ ప్యాకేజీకి బయట విడిగా కొన్నవి. పడవ విహారం ఓడ కంపెనీ ద్వారానే తీసుకుని ఉంటే ఓడ ఆగనప్పుడు ఆ డబ్బు వాళ్లే వెనక్కి వేసేవారు. విడిగా కొన్నది చవక కావచ్చు, కానీ వాన నష్టం మీ నెత్తినే. అయినా ఆ పడవల వారికి, వాతావరణం వల్ల ఓడ రాలేదని కంపెనీ ఇచ్చిన ప్రకటన జతచేసి రాయండి. ఆ రోజు అలలకు వాళ్ల పడవలూ కదలకపోయి ఉంటే తిరిగి ఇవ్వడానికి ఒప్పుకోవచ్చు.

ఎక్కని విమానం ఛార్జీ పోయినట్టే. అయితే భారతీయ విమాన సంస్థ అయితే, ప్రయాణం చేయకపోయినా విమానాశ్రయ రుసుములు, ప్రభుత్వ పన్నులు తిరిగి ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. అడగనిదే ఇవ్వరు, అడగండి. ఓడ ఆలస్యమని ఆ ఉదయమే తెలిసి ఉంటుంది. అప్పుడే ఫోను చేసి తేదీ మార్పించుకుని ఉంటే, మార్పు రుసుము, ఛార్జీల తేడాతో పోయేది.

బీమా దగ్గర కొంత ఆశ ఉంది. పాలసీలో విమానం తప్పిపోవడం, ప్రయాణ ఆలస్యం అనే రెండు అంశాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే, ఏ వాహనం ఆలస్యమైతే చెల్లిస్తారో నిర్వచనం చదవండి. అందులో ఓడ కూడా ఉంటే మీ క్లెయిముకు బలం ఉంది. విమానం ఒక్కటే ఉంటే లేదు. ఎన్ని గంటల ఆలస్యం దాటాలో కూడా రాసి ఉంటుంది. అనంతపురం వేరుశనగ రైతుకు వాతావరణ బీమా ఎలాంటిదో తెలుసు. చేను ఎండిందా లేదా అని ఎవరూ వచ్చి చూడరు, వర్షమాపకంలో నమోదైన అంకె షరతుకు సరిపోతేనే డబ్బు పడుతుంది. మీ పాలసీ కూడా అంతే, మీ నష్టం ఎంతన్నది తరవాతి మాట, షరతుకు సరిపోయారా అన్నదే ముందు చూస్తారు. ఓడ చేరిన సమయానికి కంపెనీ ఇచ్చే లేఖ, పాత టికెట్లు, కొత్త టికెట్ల బిల్లులు కలిపి ఈ వారమే పంపండి, క్లెయిముకు గడువు ఉంటుంది. తిరస్కరిస్తే ముందు బీమా కంపెనీకే ఫిర్యాదు చేయండి. నెలలోగా పరిష్కరించకపోతే బీమా ఫిర్యాదులు విచారించే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. అక్కడ రుసుము లేదు, వకీలు అవసరం లేదు.

ఏజెంటు మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలా? ఫుకెట్ తప్పక చూపిస్తామని, లేదా ఆగకపోతే డబ్బు తిరిగి ఇస్తామని వాట్సాప్‌లోనైనా రాసి ఉంటే వెళ్లండి. కడప జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, 5 లక్షల లోపు వ్యవహారాలకు రుసుము లేదు, రెండేళ్ల గడువు ఉంది. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915కు ఫోను చేస్తే చాలాసార్లు అక్కడే రాజీ కుదురుతుంది. రాతపూర్వకంగా ఏమీ లేకపోతే ఆ తిరుగుడు మీకెందుకు?

ఇక కూపన్. ఈ సంక్రాంతికి వద్దు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఫుకెట్ వైపు సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది, ఆ మాటకొస్తే సంక్రాంతి మంచి కాలమే. అడ్డు మీ గాజులు. మీ ప్యాకేజీలో ఓడ ఛార్జీ సగం, అంటే 1,30,000 అనుకుందాం. కూపన్ విలువ 13,000. అదీ రేవు రుసుములు, పన్నుల మీద సాధారణంగా చెల్లదు. తాకట్టు అప్పు 1,50,000 మీద 10 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 15,000. 13,000 మిగులుతాయని పరుగెత్తితే వడ్డీయే అంతకు మించి తినేస్తుంది, పైగా కొత్త ప్రయాణానికి మళ్లీ తాకట్టు. టీసీఎస్, బీమా, ఎక్కడి నుంచి ఏ రూపాయి వచ్చినా నేరుగా గాజుల అప్పులో కట్టండి. కూపన్ గడువు దాటిపోతే పోనివ్వండి.

గాజులు ఇంటికి వచ్చాక, అప్పు చేయకుండా మొత్తం సొమ్ము పోగయ్యాక వెళ్లండి. అప్పుడు ప్యాకేజీ ఖర్చుకు పైన మరో పదోవంతు విడిగా పొదుపు ఖాతాలో ఉంచండి. అది వాతావరణం కోసం, అక్కడి షాపింగుకు ముట్టుకోకూడదు. బీమాను, టికెట్లు కొన్న రోజే తీసుకోండి, తుపానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుపానుకు పనికిరాదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరులో వెళ్తే మన వైపు కూడా చూసుకోవాలి. 2023 డిసెంబరు 4న మిచౌంగ్, 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాన్లకు చెన్నై విమానాశ్రయమే మూతపడింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి నందలూరు, రాజంపేట మధ్య రైలు పట్టాలు కొట్టుకుపోయిన సంగతి మీ జిల్లా వారికి నేను చెప్పనక్కర లేదు. ఆ నెలల్లో చెన్నైకి విమానం రోజు తెల్లవారుజామున బయలుదేరకుండా ముందురోజే చేరుకోండి. తిరుగు విమానం మాత్రం ఏ నెలలో వెళ్లినా ఓడ దిగిన మర్నాటికే కొనండి. సింగపూర్‌లో ఆ ఒక్క రాత్రి హోటలు ఖర్చు ఈసారి బడ్జెట్లో మొదటి పద్దుగా రాసుకోండి.