పిక్క టెండన్ కొలిచే చదువుకు స్కోప్ ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. జిల్లా స్థాయిలో పరుగెత్తింది. నడిచేటప్పుడు పిక్క నరం ఎంత సాగుతుందో కొలిచే చదువే చదువుతానంటోంది. బయోమెడికల్ ఇంజినీరింగ్ మేలా, ఫిజియోథెరపీ మేలా? మా బావమరిది కొడుకు సీఎస్ఈ చేసి స్థిరపడ్డాడు.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అది నరం కాదండీ, టెండన్. పిక్క కండను మడమ ఎముకకు కట్టి ఉంచే తాడు. మీరడిగింది కోర్సుల గురించే గానీ, అసలు భయం చదువయ్యాక పిల్ల ఇంట్లో కూర్చుంటుందేమోనని. ఏటా ఇలాంటి ఉత్తరాలు చూస్తూనే ఉన్నాను.

ముందు ఆ పనేంటో చూడండి. పిక్క మీద జెల్ రాసి, అల్ట్రాసౌండ్ ప్రోబ్ (స్కానింగ్‌లో ఒంటికి ఆనించే పరికరం) బిగించి కట్టి, మనిషిని ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు. కండ ఆగి టెండన్ మొదలయ్యే చోటు తెర మీద జారుతుంటుంది. మడమకు అంటించిన గుర్తును కెమెరాలు పట్టుకుంటాయి. ఆ రెంటి మధ్య దూరం సుమారు 20 సెంటీమీటర్లనుకుంటే, 5 శాతం సాగడమంటే ఒక్క సెంటీమీటరు. ప్రోబ్ 3 మిల్లీమీటర్లు జరిగిందా, లెక్క గల్లంతు. అందుకే ఫ్రేము ఫ్రేమూ సరిచూస్తూ కూర్చోవాలి. నడకలో పాదం నేల మీదున్నంతసేపూ కండ పోగుల పొడవు పెద్దగా మారదనీ, స్ప్రింగులా సాగి ముడుచుకునేది టెండనేననీ 2001లో జపాన్‌లో ఫుకునాగా అనే పరిశోధకుడి బృందం తేల్చింది ఈ అల్ట్రాసౌండ్‌తోనే.

బయోమెడికల్ అన్న పేరు మీద నాకు అనుమానాలున్నాయి. చాలా కాలేజీల్లో సిలబస్ నిండా ఎలక్ట్రానిక్స్, ఆసుపత్రి పరికరాలే. మనిషి కదలిక గురించి ఒక పేపరుంటే గొప్ప. మేనేజ్‌మెంట్ సీటుకు పొలం మాత్రం అమ్మకండి. స్పోర్ట్స్ అనలిటిక్స్ పేరుతో ఆర్నెల్ల సర్టిఫికెట్లు కూడా బాగా అమ్ముడవుతున్నాయి. వాటిలో స్కోర్ల పట్టికలే ఎక్కువ, కాలు కనిపించదు.

నేనైతే బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ వైపే మొగ్గుతాను. మొదట్లో జీతం తక్కువే, దాచను. కానీ పరిశోధన కుదరకపోయినా చేతిలో పని ఉంటుంది. పక్కనే స్టాటిస్టిక్స్, కాస్త పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోవాలి. లెక్కలంటే పారిపోతే ఈ దారి నడవదు.

ఒక మాట, కోపం తెచ్చుకోకండి. బావమరిది కొడుకు ఊసు రాశారు గానీ, పరుగెత్తే పిల్లకు ఈ ప్రశ్న ఎక్కడ పుట్టిందో రాయలేదు. అడిగారా? మడమ నొప్పితో ఏ పోటీ అయినా వదులుకుందా? ఈ ఆదివారం ఆమెను స్నేహితురాలి నడకను ఫోన్‌లో వీడియో తీయమనండి. 200 ఫ్రేముల్లో మడమ ఎక్కడుందో ఒక్కొక్కటిగా కాగితం మీద గుర్తు పెట్టమనండి. మధ్యలో లేచిపోతుందో, ఇంకో వీడియో అడుగుతుందో చూసి నాకు రాయండి. అప్పటిదాకా సీఎస్ఈ మాటెత్తకండి.