సెన్సర్ ఆర్డర్ పెట్టే ముందు ఒక్క రాత్రి ఆగు

అల్లుడూ,

నిన్న ఫోన్‌లో చెప్పిన డీజిల్ బండి సంగతి పడుకున్నా బుర్రలోంచి పోలేదు. బీఎస్6 బండి, చెక్ ఇంజిన్ లైటు, స్కానర్‌లో పి0546, అంటే సైలెన్సర్ వైపు పోయే పొగ వేడిని కొలిచే సెన్సర్ కోడ్. "సెన్సర్ పోయింది మామయ్యా, కొత్తది తెప్పిస్తా" అన్నావు. అప్పుడే తెప్పించకు.

ఆ కోడ్ సెన్సర్ పోయిందని చెప్పట్లేదు. ఆ సర్క్యూట్‌లో వోల్టేజ్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉందంటోంది, అంతే. సెన్సర్ లోపల తెగినా, మధ్యలో వైరు తెగినా, కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) పిన్ను వదులైనా అదే కోడ్ వస్తుంది.

ఈ రాత్రి బండిని షెడ్‌లోనే ఉంచు. పొద్దున్నే స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి స్కానర్‌లో లైవ్ డేటా, అంటే సెన్సర్లు అప్పటికప్పుడు చూపించే అంకెలు చూడు. కూలెంట్, లోపలికొచ్చే గాలి, సైలెన్సర్ వైపు సెన్సర్లు అన్నీ అటూ ఇటుగా ఒకే డిగ్రీలు చూపించాలి. అన్నీ ముప్పై దగ్గరుంటే ఒక్కటి మాత్రం వందల్లో ఉందనుకో, దొంగ దొరికినట్టే. బండి వేడెక్కాక ఈ తేడా పట్టుకోలేవు.

తర్వాత కప్లర్ ఊడదీసి సెన్సర్ వైపు మల్టీమీటర్ పెట్టు. పీటీ200 రకమైతే సున్నా డిగ్రీల దగ్గర 200 ఓమ్‌లు, డిగ్రీకి ముప్పావు ఓమ్ చొప్పున పెరుగుతుంది. అంటే ముప్పై డిగ్రీల పొద్దున 223 దగ్గర రావాలి. ఎన్‌టీసీ రకం దీనికి తిరగేసి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు దాని ఓమ్‌లు ఎంత ఎక్కువంటే, సెన్సర్ తెగిపోయినట్టే మీటర్ చూపించొచ్చు. అది చూసి మంచి సెన్సర్లను చెత్తబుట్టలో వేసిన వాళ్లను చూశాను. అందుకే ముందు ఏ రకమో మాన్యువల్‌లో చూసుకో.

ఇక బండి వైపు కప్లర్. తాళం ఆన్‌లో 5 వోల్టులు దగ్గర రావాలి. రెండు వైర్ల కప్లర్ అయితేనే ఆ రెండు పిన్నులనూ చిన్న వైరుతో కలుపు. పి0546 పోయి, వోల్టేజ్ తక్కువుందనే పి0545 వచ్చిందా? వైరింగూ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) బాగున్నట్టు. అప్పుడు ఆర్డర్ పెట్టు, నేనేమీ అనను.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నేనూ కోడ్ చూడగానే సెన్సర్ మార్చేశాను. పది రోజుల్లో బండి మళ్లీ గుమ్మంలో ఉంది. క్లిప్పు ఊడి వైరు టర్బో పక్కకు జారింది. పైతొడుగు కరిగి, రాగి తీగ నల్లగా మాడి కనబడింది. ఆ ఓనరు ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధ. కూలి వెనక్కిచ్చేశాను.

"లైటే కదా, ఉండనీ" అని మీ ఓనరంటే మాత్రం ఒప్పుకోకు. డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, ఆ మసి కాలాలంటే ఆరొందల డిగ్రీలు దాకా వేడి కావాలి. ఆ వేడి ఎంతో తెలియకపోతే ఈసీయూ అసలు కాల్చడమే మానేస్తుంది. డీపీఎఫ్ మూసుకుపోతే ఆ బిల్లు ముందు సెన్సర్ ఖర్చు ఒక లెక్కా?

విప్పాల్సి వస్తే తుప్పు వదిలే ఆయిల్ రాత్రే కొట్టి ఉంచు. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు గాడి ఉన్న సాకెట్‌తో మెల్లగా తిప్పు. బిగుసుకుందని బలం చూపించావో, మర సహా ఊడొస్తుంది.

రేపు స్టార్ట్ చేసే ముందు ఆ నంబర్లు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ఆరింటికే లేచి ఉంటాను.

మీ మామయ్య